మస్టరు చదివితే ఊరంతా విన్నది

పేరు పిలిచారు. పలికేవాడు లేడు. ఆ మనిషి చెన్నపట్నంలో తాపీపనికి వెళ్లి ఆరు నెలలైందని వీధివారందరికీ తెలుసు. మస్టరులో మాత్రం వారమంతా చెరువు మట్టి మోసినట్లు వేలిముద్ర ఉంది. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీల్లో ఇలాంటివి తరచు బయటపడేవి. ఎప్పుడో కాలం చేసినవారి పేర్లూ ఉండేవి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం ఆరంభమైంది. తొలి విడతలోనే విజయనగరం జిల్లాకు వచ్చింది. మరుసటి ఏడాది శ్రీకాకుళం చేరింది. ఏడాదికి ఇంటికి 100 రోజుల పని, 15 రోజుల్లో కూలి అని చట్టం చెప్పింది. మస్టర్లు, బిల్లులు, వోచర్లు, కొలతల పుస్తకాలు గ్రామసభకు చూపి తీరాలని 17వ సెక్షను కూడా చెప్పింది. ఈ రెండో మాట కూలీలకు ఆలస్యంగా తెలిసింది.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లోనే బహిరంగ విచారణలు పెట్టి పనుల లెక్కలు జనం మధ్య చదివించింది. 2005 నాటి సమాచార హక్కు చట్టానికి ఆ పోరాటమే దారి వేసింది. ఆ ఒరవడిని ఆంధ్రప్రదేశ్ అందుకుంది. 2009లో తనిఖీల కోసం ప్రత్యేకంగా ఒక సొసైటీయే ఏర్పడింది.

కూలీల ఇళ్లలో నాలుగక్షరాలు వచ్చిన యువతీ యువకులకు తర్ఫీదు ఇచ్చేవారు. సొంత ఊరు కాకుండా వేరే ఊరికి పంపేవారు. మొహమాటాలు ఉండవు కదా! మస్టరు నకలు పట్టుకుని గడప గడపా తొక్కడమే వారి పని. "ఎన్నాళ్లు ఎల్లావమ్మా? చేతికెంతొచ్చింది?" అని అడిగి రాసుకునేవారు. తవ్విన గుంత, వేసిన గట్టు కొలిచేవారు. తేలినది గ్రామసభలో చదివేవారు. ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక. అక్కడ కూలీ ఎదుటే అధికారి జవాబు చెప్పుకోవాలి.

దీనివల్ల మేలు కూలీకి మాత్రమే కాదు. కూలి ఎక్కడ ఆగిందో, కొలత ఎవరు తగ్గించారో పై అధికారులకూ అక్కడే తెలిసేది. కింది నుంచి వచ్చే కాగితంలో ఆ సంగతి ఉండదు. 2011లో కేంద్రం దేశమంతటికీ తనిఖీ నిబంధనలు చేసినప్పుడు ఈ పద్ధతే ఆదర్శమైంది.

అయితే తినేవారూ తెలివి మీరారు. 2006–10 మధ్య రాష్ట్రంలో జరిగిన తనిఖీలను పరిశోధకులు పరిశీలించగా, కూలి దగ్గర మోసాలు కొంత తగ్గి, సామగ్రి లెక్కల్లో పెరిగినట్లు కనిపించింది. ఎన్ని తట్టలు మోసిందీ కూలీ చెప్పగలదు. ఎన్ని బస్తాల సిమెంటు దిగిందో ఆమెకేం తెలుసు? తేలిన సొమ్ములోనూ తిరిగి వసూలైంది కొంతే. తనిఖీవారు బస్సెక్కి వెళ్లిపోయాక, వేదిక మీద నోరు విప్పిన కూలీ మర్నాడు మళ్లీ అదే మేటు దగ్గరకు పలుగు పార పట్టుకుని వెళ్లవలసిందే.