తవ్వకం ఎవరిది, తీగ ఎవరిది?

నెలకు 300 రూపాయలు. టీ-ఫైబర్ పేరుతో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం చెప్పిన ధర ఇది. జియో ఫైబర్‌ 399 రూపాయల ప్లానుకు 18 శాతం జీఎస్టీ కలిపితే 471 అవుతుంది. ఎయిర్‌టెల్ 499 ప్లాను అదే లెక్కన 589. ప్రభుత్వ ధరకు జీఎస్టీ వేసుకున్నా 354 దాటదు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టగానే వాదన రెండుగా చీలిపోతుంది. ప్రభుత్వమే ఇస్తే చవక అని ఒకరంటే, ప్రభుత్వం చేతిలో పెడితే నెట్ ఆగినప్పుడు పలికే నాథుడుండడని ఇంకొకరంటారు. హైదరాబాద్ శివారులోని అజీజ్‌నగర్ లాంటి చోట ఈ రెండు మాటలూ అసలు ఖర్చును తాకవు. అది తీగలో లేదు, తవ్వకంలో ఉంది.

ఊరి తీరు చూడండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల రక్షణకు 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో పరిధిలోని 84 గ్రామాల్లో అజీజ్‌నగర్ ఒకటి. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలు ఎత్తేసేదాకా, పాతికేళ్లకు పైగా ఇక్కడ పెద్ద కట్టడాలకు దారి లేదు. అందుకే ఇళ్లు ఒత్తుగా పెరగలేదు. పాత ఊళ్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, దాటితే ఫామ్‌హౌస్‌లు, తోటలు, రోడ్డు మీద ఇంజనీరింగ్ కాలేజీలు. ఔటర్ రింగ్‌రోడ్డుకు కూతవేటు దూరమే అయినా, తీగ లాగేవాడి కంటికి ఇది నగరం కాదు.

ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవే, వరస కోసం. కిలోమీటరు తవ్వి గొట్టం వేసి ఫైబర్ దించడానికి 5 లక్షలు అనుకోండి. పాత ఊళ్లో ఆ కిలోమీటరుకు 200 ఇళ్లుంటే, 30 శాతం మంది కనెక్షన్ తీసుకుంటే 60 ఇళ్లు. ఇంటికి 8,333 రూపాయలు పడుతుంది. బిల్లులో ఖర్చులు పోను నెలకు 150 మిగిలితే నాలుగేళ్ల ఎనిమిది నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుంది. ఫామ్‌హౌస్‌ల దారిలో కిలోమీటరుకు 20 ఇళ్లే ఉంటే, అదే 30 శాతానికి కనెక్షన్లు 6. ఇంటికి 83,333. తిరిగి రావడానికి 46 ఏళ్లు. ఏ కంపెనీ ఇందుకు ముందుకొస్తుంది? రాకపోతే దాన్ని తప్పుపట్టనూ లేం.

ఈ లెక్కే ఇంకో మాటా చెబుతుంది. పాత ఊళ్లోకి రెండు కంపెనీలు వచ్చి ఎవరికి వారే తవ్వుకుంటే ఒక్కొక్కరికి 30 ఇళ్లే దక్కుతాయి. పెట్టుబడి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. పోటీ పెరిగితే ధర తగ్గుతుందన్న సూత్రం భూమి కింద పనిచేయదు. ఒక ఇంటికి రెండు నీటి పైపులు ఎవరూ వేయరు కదా.

ఇక ప్రభుత్వమే అమ్మితే ఏమవుతుందో తెలియడానికి పొరుగునే ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మొదటి దశలో తవ్వకం జోలికి పోకుండా కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 23,800 కిలోమీటర్ల తీగ లాగింది. ఖర్చు సుమారు 333 కోట్లు, అంటే కిలోమీటరుకు లక్షన్నర లోపే. భూమిలో వేసి ఉంటే వేల కోట్లయ్యేది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. 149 రూపాయలకే నెట్, టీవీ చానళ్లు, ఫోను. దేశమంతా అటు చూసింది, చూడాల్సిన పనే అది. కానీ 149తో మనుషుల జీతాలు, మరమ్మతులు, చానళ్లకు కట్టే డబ్బు, కేబుల్ ఆపరేటరు వాటా అన్నీ గడవాలి. తర్వాతి ఏళ్లలో ధర 350కి పెరిగింది, కనెక్షన్లు సగానికి దగ్గరగా పడిపోయాయి, అప్పులు పేరుకున్నాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా సంస్థ పై మనుషులు మారారు. 2025 ఫిబ్రవరిలో అధికారులతో గొడవపడి ఛైర్మనే రాజీనామా చేశారు. తీగ లాగడంలో ఆ ప్రాజెక్టు గెలిచింది, దుకాణం నడపడంలో తడబడింది. నాకు ఇందులో కనిపించే పాఠం ఇదే.

స్తంభాల దారి చవకే గానీ, దాని మూల్యం హైదరాబాద్ 2025 ఆగస్టులో చూసింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. వెంటనే విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాలకు వేలాడే కేబుళ్లను కోయించడం మొదలుపెట్టింది. నగరంలో చాలాచోట్ల నెట్ ఆగిపోయింది, ఎయిర్‌టెల్ హైకోర్టుకు వెళ్లింది, అనుమతి ఉన్న తీగలు తప్ప మిగతావి ఉండకూడదని కోర్టు అంది. చాలా కంపెనీల కట్టలు వేలాడుతున్నది ప్రభుత్వ స్తంభాలకే. అంటే ప్రైవేటు ఇంటర్నెట్ అనుకుంటున్నది ఇప్పటికే ప్రభుత్వ ఆస్తి మీద నడుస్తోంది, కాకపోతే చాలావరకు లెక్కాపత్రం లేకుండా.

అమెరికా పట్టణాల్లో ఇదే తగువు పదిహేనేళ్లుగా నడుస్తోంది. టెనెసీ రాష్ట్రంలోని చటనూగా పట్టణపు కరెంటు సంస్థ 2010లోనే ఊరంతటికీ 1 గిగాబిట్ వేగం ఇచ్చింది. దానికి 11 కోట్ల డాలర్లకు పైగా కేంద్ర గ్రాంటు తోడైంది. యూటా రాష్ట్రంలోని ప్రోవో పట్టణం 3.9 కోట్ల డాలర్లతో సొంత నెట్‌వర్కు కట్టుకుని, నడపలేక 2013లో గూగుల్‌కు ఒక్క డాలరుకు అమ్మేసింది. అమ్మేసినా అప్పు మాత్రం జనం బిల్లుల్లో కొనసాగింది. రెండూ పురపాలక ప్రాజెక్టులే. చటనూగాకు కేంద్ర గ్రాంటు అండ ఉంది, ప్రోవో అప్పు మీదే కట్టుకుంది. ఈ తేడాను రెండు పక్షాలవాళ్లూ తమకు అనుకూలంగా దాటేస్తారు.

మనకు దగ్గరి దారి స్టాక్‌హోం వేసింది. ఆ నగరపాలిక 1994లో స్టోకాబ్ అనే సంస్థ పెట్టింది. అది ఇంటర్నెట్ అమ్మదు. ఊరంతా ఫైబర్ వేసి, అడిగిన కంపెనీలన్నిటికీ ఒకే ధరకు అద్దెకిస్తుంది. కనెక్షన్ అమ్మడం, ఫిర్యాదు వినడం, ధర తగ్గించుకోవడం కంపెనీల పని.

తెలంగాణ సగం దారి ఇప్పటికే నడిచింది. మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. 2024 డిసెంబరులో అడవి శ్రీరాంపూర్, సంగుపేట, మద్దూరుల్లో ప్రయోగాత్మకంగా కనెక్షన్లు మొదలయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కేంద్ర మంత్రి జ్యోతిరాదిత్య సింధియాను కలిసి 1,779 కోట్ల వడ్డీలేని రుణం అడిగారు. పల్లెల్లో 63 లక్షలు, పట్టణాల్లో 30 లక్షల ఇళ్లు లక్ష్యం. భాగిస్తే ఇంటికి 1,913 రూపాయలు. ముందే తవ్వి ఉన్నందువల్లే ఇంత తక్కువలో మాట్లాడగలిగారు. అయినా గుమ్మం దాకా తీగ, లోపల పెట్టె, చెడిపోతే వచ్చే మనిషి ఇంతలో గడుస్తాయని నేను నమ్మను. ఆ పని స్థానిక కేబుల్ ఆపరేటర్లకు, కంపెనీలకు వదిలి, గొట్టాన్ని మాత్రం ప్రభుత్వం గట్టిగా పట్టుకోవాలి.

ఇందాకటి 5 లక్షల గొట్టాన్నే రోడ్డులాగా ముప్పై ఏళ్ల ఆస్తి అనుకుందాం. వడ్డీ పక్కనపెడితే నెలకు 1,389 రూపాయలు. ముగ్గురు అద్దెకు తీసుకుంటే తలా 463. ఫామ్‌హౌస్‌ల దారిలో ఆరు ఇళ్లే మోయాల్సి వస్తే ఇంటికి 231 పడుతుంది, అది ఇంకా బరువే. కానీ ఆ దారిలో ఒక సెల్ టవరో, కాలేజీయో, బడో ఉంటే అదీ అద్దె కడుతుంది. 46 ఏళ్ల లెక్క తలకిందులవుతుంది.

మళ్లీ అజీజ్‌నగర్‌కు వద్దాం. ఈ ప్రాంతంలోని మొయినాబాద్, చేవెళ్ల 2025లో మున్సిపాలిటీలయ్యాయి. కొత్త మున్సిపాలిటీ అంటే కొత్త సీసీ రోడ్లు, డ్రైనేజీలు, నీటి లైన్లు. అంటే వరసగా తవ్వకాలు. అటు అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల జాతీయ రహదారిని నాలుగు వరసలుగా వెడల్పు చేసే పని, మర్రిచెట్ల వివాదం వల్ల ఏళ్లు నలిగింది. ఆ రోడ్లు చూసే జాతీయ రహదారుల సంస్థే హైదరాబాద్–బెంగళూరు మార్గంలో 512 కిలోమీటర్ల మేర రోడ్డు పక్కన ఫైబర్ కారిడార్ వేస్తామని 2023లో ప్రకటించింది. ఆ మార్గానికి వీలైనది ఈ 46 కిలోమీటర్లకు ఎందుకు కాదని చేవెళ్ల ఎంపీని, ఎమ్మెల్యేని అడగాలి. మొయినాబాద్ మున్సిపాలిటీ తన వంతుగా ప్రతి రోడ్డు టెండరులో ఒక నిబంధన రాసుకోవచ్చు: ఏ పనికి తవ్వినా రెండు ఖాళీ గొట్టాలు వేయాలి, అవి మున్సిపాలిటీ ఆస్తిగా నమోదు కావాలి, మీటరుకు అద్దె ఎంతో ఆఫీసు గోడ మీద అంటించాలి, టీ-ఫైబర్ అయినా జియో అయినా మన కేబుల్ ఆపరేటరు అయినా అదే కట్టాలి.