పొడి అక్షరాల్లో మిగిలిన భీముడు

ఉయ్యూరు: విజయవాడలో బాడ్మింటన్ పోటీలంటే "ఎక్కడ, డి.ఆర్.ఆర్.లోనా?" అని అడుగుతారు. బ్యానర్ల మీద 'డి.ఆర్.ఆర్.ఎం.సి. ఇండోర్ స్టేడియం' అని ఉంటుంది. ఆటోవాళ్లకు ఆ అక్షరాలు కూడా అక్కర్లేదు. ఇండోర్ స్టేడియం అంటే చాలు, తీసుకెళ్లి గేటు ముందు దింపుతారు. ఆ అయిదు పొడి అక్షరాల్లో చివరి రెండూ మున్సిపల్ కార్పొరేషన్‌వి. మొదటి మూడూ ఒక మనిషివి. ఆయన కీర్తిశేషులు దండమూడి రాజగోపాలరావు. పేరు చెబితే ఎవరబ్బా అని తల గోక్కునే పెద్దలకు కూడా, 'నర్తనశాల' సినిమాలో భీముడంటే చప్పున ఆ ముఖం, ఆ ఛాతీ గుర్తుకొస్తాయి.

ఉయ్యూరు మండలం గండిగుంట ఆయన పుట్టిన ఊరు. చెరకు, వరి పండే నేల. 1916 అక్టోబరు 16న జన్మించారు. ఆ కాలంలో ఈ పల్లెల్లో బలానికి కొలత బార్‌బెల్ కాదు. సంక్రాంతికి పదిమంది ముందు సంగిడి రాయి ఎత్తినవాడు, బండి ఇరుసును తలపైకి లేపినవాడు, నిండు ధాన్యం బస్తాను ఎవరూ చెయ్యి వెయ్యకుండా వీపున వేసుకున్నవాడు మొనగాడు. తాలింఖానాల్లో తెల్లవారకముందే దండీలు, బస్కీలు తీసేవారు. అటువంటి కాలంలో పుట్టిన రాజగోపాలరావు ఇనుప బరువుల పోటీల్లోకి వెళ్లి, దేశం తరఫున ఒలింపిక్స్ దాకా నడిచారు.

ఆయనకు కలిసిరానిదల్లా పుట్టిన సంవత్సరమే. 1940లో జరగవలసిన ఒలింపిక్స్ రెండో ప్రపంచ యుద్ధం మూలంగా ఆగిపోయాయి. అప్పటికి ఆయన వయసు 23. 1944 ఒలింపిక్స్ కూడా అంతే. అప్పటికి 27. బరువులెత్తేవాడికి అవి పంట చేతికొచ్చే ఏళ్లు. ఆ రెండు పంటలూ యుద్ధానికి పోయాయి. 1948లో లండన్ ఒలింపిక్స్ జరిగేసరికి 31 ఏళ్లు నిండాయి. స్వతంత్ర భారతం సొంత జెండా పట్టుకుని వెళ్లిన మొదటి ఒలింపిక్స్ అవి. హాకీ స్వర్ణం అక్కడే వచ్చింది కనుక అందరికీ హాకీ జట్టే గుర్తుంది. అదే లండన్‌లో వెయిట్‌లిఫ్టింగ్ వేదిక మీద హెవీ వెయిట్ విభాగంలో గండిగుంట మనిషి నిలబడ్డారు.

అప్పట్లో పోటీలో ఎత్తులు రెండు కావు, మూడు: ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. ప్రెస్‌లో బరువును భుజాల దాకా తెచ్చి, మోకాళ్లు వంచకుండా ఒట్టి చేతుల బలంతో తలపైకి నెట్టాలి. లిఫ్టర్లు నడుము వెనక్కి వంచి ఎత్తడం, అది తప్పా ఒప్పా అని న్యాయనిర్ణేతలు తగవులాడుకోవడం ఎక్కువైపోయి, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత దాన్ని తీసేశారు. లండన్‌లో అమెరికాకు చెందిన జాన్ డేవిస్ మూడు ఎత్తులూ కలిపి 452.5 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడు. మనవారికి పతకం రాలేదు. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు కూడా రాజగోపాలరావు భారత జట్టులో ఉన్నారు.

ఆయన్ను జనం 'ఇండియన్ టార్జాన్' అని పిలుచుకున్నారు. హాలీవుడ్ టార్జాన్ జానీ వైస్‌ముల్లర్ కూడా ఒలింపిక్స్ మనిషే, ఈతలో 5 స్వర్ణాలు గెలిచాడు. ఇంకో చిత్రం కూడా ఉంది. 1948 లండన్ వెయిట్‌లిఫ్టింగ్‌లోనే లైట్ హెవీ వెయిట్‌లో రజతం తీసుకున్న అమెరికన్ హెరాల్డ్ సకాటా, 1964లో 'గోల్డ్‌ఫింగర్' అనే జేమ్స్ బాండ్ సినిమాలో టోపీ విసిరి మనుషుల్ని చంపే ప్రతినాయకుడి అనుచరుడిగా లోకమంతా తెలిశాడు. మన రాజగోపాలరావు అంతకు ఏడాది ముందే, 1963 అక్టోబరు 11న విడుదలైన 'నర్తనశాల'లో భీముడయ్యారు. అప్పటికి ఆయనకు 47 ఏళ్లు నిండడానికి ఇంకా అయిదు రోజులుంది.

కీచకుడంటే ఎస్.వి.రంగారావు. తెర మీద ఆ విగ్రహానికి ఎదురు నిలవాలంటే మాటలు కాదు. దూదితో కుట్టిన కండలు పెట్టి ఎవరో ఒకరిని నిలబెట్టి ఉంటే ఆ ఘట్టం నవ్వులపాలయ్యేది. గద కూడా లేకుండా ఒట్టి చేతులతో కీచకుణ్ణి చంపే భీముడికి నిజంగా ఇనుము ఎత్తిన చేతులే కావలసి వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం అర్జున అవార్డు మొదలుపెట్టింది 1961లో. ఆనాటికి ఆయన పోటీల వయసు దాటిపోయింది. అర్జునుడి పేరిట అవార్డు అందలేదు కాని, రెండేళ్లకు అర్జునుడి అన్నగారి వేషం అందింది.

ఆ సినిమాలో బృహన్నల ఎన్.టి.రామారావు. గుడివాడలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. బెజవాడ స్టేడియానికి భీముడి పేరు. 2022లో జిల్లాలు విడదీశాక గండిగుంట కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది, విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. ఇప్పుడు భీముడి స్టేడియం బృహన్నల జిల్లాలో ఉంది. విరాటుడి కొలువు కాకపోయినా అన్నదమ్ములు మళ్లీ ఒకచోటే.

రాజగోపాలరావు 1981 ఆగస్టు 6న కన్నుమూశారు. విజయవాడ మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది కూడా ఆ ఏడాదే. ఆ కార్పొరేషన్ స్టేడియానికే ఆయన పేరు నిలిచింది. ఒక క్రీడాకారుడి పేరు క్రీడా ప్రాంగణానికి పెట్టడం, వినడానికి వింతేమీ లేదు గాని, మన రాష్ట్రంలో స్టేడియాల పేర్లు వరుసగా చదివితే అది ఎంత అరుదో తెలుస్తుంది.

కృష్ణా తీరంలో ఇప్పటి క్రీడాకారులకు సన్మానాలకు కొదవలేదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ల వయసుకే గ్రాండ్‌మాస్టర్ అయి, 2019లోను, 2024లోను ప్రపంచ మహిళల రాపిడ్ చెస్ విజేతగా నిలిచింది. నాలుగేళ్ల వయసులో కృష్ణానదిలో ఈది రికార్డు పుస్తకానికెక్కిన వెన్నం జ్యోతి సురేఖ, 2023 ఆసియా క్రీడల్లో విలువిద్యలో 3 స్వర్ణాలు తెచ్చింది. వీరికి పురస్కారాలు ఆడుతున్న రోజుల్లోనే అందాయి. అలాగే అందాలి. శాలువా కప్పించుకోవడానికి ఎనభై ఏళ్లు ఆగవలసిన పని లేదు. శాలువాతో పాటు ఆ ఊళ్లో పిల్లలకు ఒక కోచ్‌నీ, నాలుగు విల్లులనీ, ఒక బార్‌బెల్ సెట్టునీ ఇస్తే ఇంకా బాగుంటుందని క్రీడాభిమానులు అంటున్న మాట.

పేరును బతికించుకోవడంలో బెజవాడలోనే ఒక ఇంటి ఉదాహరణ ఉంది. అంతర్జాతీయ విలుకాడు, కోచ్ చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. అంతకుముందే ఆ ఇంట్లో ఆడపిల్ల ఓల్గా పోయింది. తండ్రి చెరుకూరి సత్యనారాయణ విల్లులు అటకెక్కించలేదు. ఓల్గా ఆర్చరీ అకాడమీ నడిపారు. 2012లో పుట్టిన చిన్న కూతురు డాలీ శివాని మూడేళ్లయినా నిండకముందే, 2015లో బాణాలు వేసి రికార్డు పుస్తకంలో చేరింది. ఆ అకాడమీలో పేరు పొడి అక్షరాలు కాలేదు. చిన్నదీ, నోటినిండా పలికే పేరూ కావడం ఒక కారణమేమో. కాని అక్కడ పిల్లాడు బాణం పట్టుకునే ముందు ఆ పేరు ఎవరిదో అడక్కుండా ఉండలేడు.

ఇండోర్ స్టేడియంలో షటిల్ బ్యాట్ భుజాన వేసుకుని దిగే పిల్లల్ని, డి.ఆర్.ఆర్. అంటే ఏమిటని ఒకసారి అడిగి చూడాలి. వాళ్ల తప్పేమీ లేదు. టోర్నమెంటు ప్రారంభంలో వేదిక మీది అతిథుల పరిచయానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో రెండు నిమిషాలు, ఈ కప్పు కింద నిలబడ్డాం కదా, ఇది ఫలానా వారి పేరిట ఉంది, ఆయన ఫలానా సంవత్సరం లండన్‌లో ఇనుము ఎత్తారు అని మైకులో చెప్పడానికి కార్పొరేషన్ తీర్మానం కూడా అక్కర్లేదు. ఆహ్వాన పత్రికల మీద పేరు పూర్తిగా అచ్చు వేయడానికి అదనపు ఖర్చు లేదు. గండిగుంట చుట్టుపక్కల బడుల నుంచి పిల్లల్ని ఏడాదికొకసారి బస్సులో ఎక్కించి అక్కడికి తీసుకువెళితే, తమ ఊరి పక్కవాడి పేరే గేటు మీద ఉందని వాళ్లూ చూసుకుంటారు.

రోజు వెతుక్కునే పని కూడా లేదు. 'నర్తనశాల' విడుదలైన అక్టోబరు 11, ఆయన పుట్టినరోజు అక్టోబరు 16, రెండూ ఒకే వారంలో పడతాయి. ఆ వారంలో ఏదో ఒక సాయంత్రం, కోర్టుల వలలు విప్పి, గోడకు తెల్లగుడ్డ కట్టి, స్టేడియంలోనే ఆ సినిమా వేస్తే సరి. కీచకుడి ఘట్టం వచ్చేసరికి ఎవరో ఒక పిల్లాడు, ఈ భీముడు ఎవరని పక్కవాణ్ణి అడుగుతాడు.