ఆ పాట ఏ ఊరిది?

వరంగల్‌లో నచ్చిన పాట గురించి మాట మొదలైతే అది బాణీ దగ్గర ఆగదు, ఊరి దాకా పోతుంది. హనుమకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ ఒకరు ‘ఇడియట్’ పాట ఎత్తుకున్నారంటే, పక్కనున్నాయన చటుక్కున అందుకుంటాడు: “చక్రి మన కంబాలపల్లాయనే గదా!”

నిజమే. మహబూబాబాద్ దిక్కు కంబాలపల్లిలో పుట్టిన చక్రి 2000లో ‘బాచి’తో సంగీత దర్శకుడయ్యాడు. ‘ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం’, ‘ఇడియట్’, ‘సత్యం’ వరసగా వచ్చేసరికి కాలేజీ పిల్లలకు వేరే పాట గుర్తుండని రోజులు నడిచాయి. 2014 డిసెంబరులో, నలభై ఏళ్ల వయసులోనే పోయాడు. అందుకేనేమో, చక్రి పాట బాగాలేదని ఇక్కడ ఎవరికీ నోరు రాదు.

తర్వాత వంతు పాటల రచయిత చంద్రబోస్‌ది. ఊరు చిట్యాల మండలం చల్లగరిగ. ఆయన రాసిన ‘నాటు నాటు’ను కీవ్‌లోని రాజభవనం ముందు తీశారు గానీ, అందులోని జాతర, జొన్నరొట్టె, దుమ్ము అన్నీ పల్లెటూరివే. చిన్నప్పుడు ఊళ్లో చూసినవే రాశానని కవే చెప్పాడు. ముప్పాతిక పైగా పాట ఒక్క పూటలో వచ్చిందట, మిగిలిన కాస్తా పూర్తవడానికి ఏడాదిన్నర దాటిందట.

2023 మార్చిలో ఆ పాటకు ఆస్కార్ అందుకుంటూ సంగీత దర్శకుడు కీరవాణి, తాను అమెరికా బృందం కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, వాళ్ల ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ బాణీలో తన మాటలు పాడాడు. ఆ పాటనే 1973లో లిన్ ఆండర్సన్ పాడితే అమెరికా కంట్రీ పాటల జాబితాలో రెండో స్థానం దాకా వెళ్లింది. కంట్రీ అంటే వాళ్ల పల్లె పాట. చల్లగరిగ మాటలకు దక్కిన బహుమతిని అలాంటి పాట వరసలో అందుకోవడం చాయ్ దగ్గర చెప్పుకోదగ్గ ముచ్చటే.

‘బలగం’ పేరెత్తితే మాత్రం గొంతులు తగ్గుతాయి. దుగ్గొండి వాసులైన బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు ఆ సినిమా చివర పాడారు. కథలో ఇంటి పెద్ద పోయిన పదకొండో రోజు పిట్టకు పెట్టిన మెతుకులు పిట్ట ముట్టదు. కొడుకులు, బిడ్డ, అల్లుడు తలో దిక్కు చూస్తుంటారు. అప్పుడు ఆ ఇద్దరూ పోయిన ముసలాయన బతుకును కథగా ఎత్తుకుంటారు. ఆయన్ను ఆ ఇంటివాళ్లకే మళ్లీ పరిచయం చేస్తున్నట్టు ఉంటుంది. స్టూడియో నునుపు లేని గొంతులు, కథ చెప్పి చెప్పి రాటుదేలినవి. 2023లో తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని ఈ సినిమా చూసి ఏడ్చింది. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు.

జనం నోటి పాటలను ముచ్చటగా లెక్కపెట్టడం ఈ నేలకు పాత అలవాటే. పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలోనే ‘పండితారాధ్య చరిత్ర’లో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, పర్వత పదాలు అంటూ అప్పటి పాటల పేర్లు వరసగా చెప్పాడు. ఆ బాణీలు మనదాకా రాలేదు, పేర్లు మిగిలాయి.

ఊరి అభిమానం ఎప్పుడూ సరదాగానే ఉంటుందని కాదు. రేబర్తిలో పుట్టి, బడి ముఖం చూడకుండా పశువులు కాసిన అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ 2024లో రాష్ట్ర గీతమైంది. రేబర్తి ఉమ్మడి వరంగల్ జిల్లాలోదే కనుక కవి విషయంలో ఇక్కడ రెండో మాట లేదు. స్వరపరిచే పని కీరవాణికి ఇచ్చేసరికి, తెలంగాణ పాటకు తెలంగాణ సంగీతకారుడు దొరకలేదా అని ఇక్కడి సినీ సంగీతకారులే ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఆస్కార్ నాడు ఇదే కీరవాణిని మెచ్చుకున్నాం గదా అని అవతలివాళ్లు వాదించారు. చివరికి ఆయన బాణీతోనే జూన్ 2న గీతం ఆవిష్కరించారు. వాదన మాత్రం చాయ్ బండ్ల దగ్గర ఇంకా తెగలేదు.