పక్షవాతము పిదప కలుగు మనోవ్యాకులత

విడవలూరు ప్రాంతమున వరికోతలు వచ్చినయెడల ఇంటి పెద్దావిడకు క్షణము తీరిక యుండదు. కూలీల భోజనము, ధాన్యపు లెక్క, బీరువా తాళపుచెవులు, సర్వమును ఆమె చేతిమీదుగానే నడచును. అట్టి యామెకు ఒకనాడు పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయినదనుకొందము. ఆసుపత్రినుండి ఇల్లు చేరిన పిదప ఆమె గోడవైపు తిరిగి పండుకొనును; అన్నము వలదనును; మనుమడు పిలిచినను పలుకదు. "ప్రాణగండము తప్పినది గదా అత్తా, ఇంకను ఈ విచారమేల?" అని కోడలు విసుగుకొనును. ఇది మొండితనము కాదనియు, చికిత్స గల వ్యాధి కావచ్చుననియు మనవి చేయుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

పక్షవాతము మన పల్లెలకు క్రొత్తది కాదు. 2003-04లో గోదావరి జిల్లాల 45 గ్రామములందు మరణకారణములను విచారింపగా, నూటికి సుమారు 13 మరణములు దీనివలననే సంభవించినట్లు తేలినది. బ్రతికినవారిలో ఇంచుమించు మూడవవంతు మంది అయిదేండ్లలోపల ఎప్పుడో యొకప్పుడు మనోవ్యాకులతకు లోనగుదురని పలుదేశముల పరిశోధనలు తెలుపుచున్నవి.

దీనికి దేహమందును కారణములు గలవు. మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులున్నవి. ఆపద కలిగినపుడు మెదడు ఆజ్ఞ నీయగా అవి కార్టిసాల్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. ఆపదను తట్టుకొనుటకు అది అవసరమే. పని తీరినపిదప దానిని తగ్గింపవలసినదియు మెదడే. పక్షవాతమున దెబ్బతినునది ఆ మెదడే గనుక, కొందరిలో ఆ కట్టడి సడలి కార్టిసాల్ చాలకాలము హెచ్చుగా నిలుచును. అట్టివారికి వ్యాకులత కలుగు అవకాశము హెచ్చని కొన్ని పరిశోధనలు సూచించుచున్నవి. అయితే ఇదియొక్కటియే కారణము కాదు. మెదడుకు తగిలిన గాయము, పరాధీనత, పూర్వమున్న మనోవ్యాధి గూడ దీనికి తోడగును. రక్తపరీక్షతో దీనిని నిర్ణయింపజాలరు. ఇంటివారు గమనించి చెప్పిన మాటయే వైద్యునకు గొప్ప యాధారము.

కావున రెండు వారములకు మించి విచారము, నిద్రలేమి, అన్నద్వేషము, నిరాసక్తత కనబడినచో వైద్యునకు తెలుపవలయును. మాట పడిపోయినవారు తమ బాధ చెప్పుకొనలేరు. వారిని మరింత కనిపెట్టవలయును. వ్యాకులత ముదిరినచో కాలుసేతుల వ్యాయామము సాగదు, కోలుకొనుటయు ఆలస్యమగును. మందులును, మాటలతో చేయు చికిత్సయు గలవు. మందును వైద్యుని యడుగక వాడరాదు, మానరాదు. "చచ్చినను బాగుండును" అన్నవారిని ఒంటరిగా విడువరాదు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వపు టెలిమానస్ వారు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే సలహా నిత్తురు. సేవచేసి యలసిన కోడలును తనకై పిలువవచ్చును.

ఇక మన చేతనున్నది యొకటి గలదు. తాళపుచెవులను మరల ఆమె ఎడమచేతి కిండు. ఈ యేటి ధాన్యపు లెక్క ఆమెనే యడుగుడు. ఆమె చెప్పునంతవరకు ఓపికతో వినుడు.