మంత్రసాని వదిలివెళ్లిన ఓపిక

గోదావరి డెల్టాలో కాన్పు చుట్టూ అల్లుకున్న పలుకుబడి అంతా ఇంటిది. నెల తప్పడం, వేవిళ్లు, సీమంతం, పుట్టింటికి తీసుకురావడం, పురుడు పోయడం, పురిటిస్నానం, బాలింత పత్యం వంటి మాటల్లో ఆసుపత్రి ఊసు ఎక్కడా లేదు. కాన్పు మాత్రం ఇప్పుడు దాదాపు పూర్తిగా ఆసుపత్రికే చేరింది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మొత్తం కాన్పుల్లో సిజేరియన్లు 42.4 శాతం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6 శాతంగా ఉన్న ఈ లెక్క ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతానికి ఎగబాకింది. పక్కనున్న తెలంగాణలో మొత్తం మీద 60.7 శాతం కాగా, దేశమంతటి సగటు 21.5 మాత్రమే. ఒక జనాభాలో సిజేరియన్లు పది శాతం దాటాక ఆ పెరుగుదల వల్ల తల్లుల, శిశువుల మరణాలు ఇంకా తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. అవసరమైన తల్లికి సిజేరియన్ ప్రాణభిక్ష పెట్టే శస్త్రచికిత్స అన్నదాంట్లో సందేహం లేదు. గోదావరి జిల్లాల ఆడవాళ్ల శరీరాలు ఒక తరంలోనే ప్రసవం మరిచిపోయాయా అన్నదే ప్రశ్న.

మరిచిపోయింది శరీరం కాదు, దాని పక్కన కూర్చునే మనిషి. రెండు మూడు తరాల కిందటి వరకు ఊరికొక మంత్రసాని ఉండేది. అనుభవం తప్ప చదువు లేని ఆ మనిషికి నొప్పుల తీరు, బిడ్డ తల తిరిగిన వైపు, మాయ పడే వేళ చేతివేళ్ల కొసలతోనే తెలిసేవి. అయితే ఆమెను తలచుకుని కన్నీరు పెట్టుకోనక్కరలేదు. బొడ్డు కోయడానికి చేతికందిన కొడవలో బ్లేడో వాడిన రోజుల్లో పుట్టిన వారానికే ధనుర్వాతంతో పోయిన పసిగుడ్డులు ఎందరో. బిడ్డ అడ్డం తిరిగితే గానీ, కాన్పు తర్వాత నెత్తురు ఆగకపోతే గానీ ఆమె చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. తల్లీబిడ్డల ధనుర్వాతం నుంచి భారతదేశం బయటపడినట్లు 2015లో నిర్ధారణ జరిగిందంటే, దాని వెనుక టీకాలతోపాటు ఇంటి కాన్పులు తగ్గిపోవడమూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2018-20 నాటికి 45కు దిగాయి. అప్పటికి దేశ సగటు 97. ఇంత మేలు చేసిన ఆసుపత్రి, మంత్రసాని మురికి కొడవలితోపాటు ఆమె ఓపికనూ గడప అవతల పారేసింది. వచ్చిన చిక్కల్లా అక్కడే.

ఆ ఓపికకు చదువు తోడైతే వచ్చే మనిషే మిడ్‌వైఫ్. ఈ వృత్తి తెలుగునేలకు కొత్తదేమీ కాదు. గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలంలో, 1854లోనే మద్రాసు ప్రసూతి ఆసుపత్రిలో మంత్రసానులకు శిక్షణ మొదలైంది. 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చి వారి పేర్ల నమోదుకు దారి చూపింది. రాజమహేంద్రవరంలో లూథరన్ మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ లిడియా వోర్నర్ ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో స్త్రీల కోసం ఆసుపత్రి నడిపారు. స్వాతంత్ర్యం వచ్చాక పల్లెల్లో ఈ పని ఏఎన్‌ఎం మీద పడింది; ఆ పేరు చివరనున్న అక్షరం మిడ్‌వైఫ్‌దే. 1973 నాటి కర్తార్ సింగ్ కమిటీ సిఫారసులతో ఆమె బహుళార్థసాధక ఆరోగ్య కార్యకర్తగా మారి, టీకాలు, కుటుంబ నియంత్రణ, లెక్కల రిజిస్టర్ల మధ్య నలిగి, పురుడు పోసే నేర్పు క్రమంగా పోగొట్టుకుంది. పేరులో మిడ్‌వైఫ్ మిగిలింది, పనిలో మిగల్లేదు.

తెలుగునాట ఈ వృత్తికి మళ్లీ ప్రాణం పోసిన ప్రయత్నం హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రిది. 1948లో చిన్న ప్రసూతి కేంద్రంగా మొదలైన ఆ సంస్థలో డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ పూనికతో 2011లో మిడ్‌వైఫ్‌ల శిక్షణ ఆరంభమైంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో 30 మంది ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడు కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసి, నర్సింగ్ చదివినవారికి పద్దెనిమిది నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చి, పెద్ద ఆసుపత్రులకు ఆనుకునే మిడ్‌వైఫ్‌లు నడిపే కాన్పు విభాగాలు పెట్టాలని చెప్పింది. ఆనుకునే అన్న మాటే ఇక్కడ ముఖ్యం. పొలంగట్టు మీద కాన్పును గొప్పగా చెప్పుకునే ధోరణికీ, ఈ ఏర్పాటుకూ పోలిక లేదు. గోడకు అవతలే ప్రసూతి వైద్యురాలు, ఆపరేషన్ గది, రక్తనిధి ఉంటాయి. గోడకు ఇవతల సుస్తీ ఏదీ లేని గర్భిణికి మిడ్‌వైఫ్ కాపలా ఉంటుంది.

ఆ కాపలా ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే గానీ దాని విలువ అర్థం కాదు. నొప్పులు మొదలైన తొలి గంటల్లో గర్భాశయ ముఖద్వారం మెల్లగా మెత్తబడుతూ తెరుచుకుంటుంది. అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పుల దశ ఆరంభమైనట్టు లెక్క. అక్కడినుంచి గంటకొక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పక్కన పెట్టింది. తొలి కాన్పుకు ఈ దశ పన్నెండు గంటల దాకా పట్టవచ్చు. గడియారం చూసి కంగారుపడే ఇంటివారికి, వార్డులో మరో పదిమందిని చూసుకోవాల్సిన వైద్యురాలికి ఆ పన్నెండు గంటలు యుగంలా తోస్తాయి. మిడ్‌వైఫ్‌కు అదే పని. ఆమె గర్భిణిని మంచానికి కట్టిపడేయకుండా నడిపిస్తుంది, కూర్చోబెడుతుంది, పక్కకు తిప్పి పడుకోబెడుతుంది, నొప్పి వచ్చినప్పుడల్లా నడుము కింద అరచేత్తో అదిమి పడుతుంది, మధ్యమధ్య మజ్జిగో కొబ్బరినీళ్లో తాగిస్తుంది, పావుగంటకో అరగంటకో బిడ్డ గుండె చప్పుడు వింటుంది. అవసరం లేని కోత పెట్టదు, అరవవద్దని కసరదు. తల్లినో అక్కనో వెంట ఉండనిస్తుంది. కాన్పుగదిలోకి తోడుమనిషిని రానివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పినా ఆ మాట ఇంకా చాలా గుమ్మాలు దాటలేదు. పదిహేడు పరిశోధనల్లో పాల్గొన్న 18 వేలకు పైగా స్త్రీల వివరాలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష, మొదటినుంచి చివరిదాకా మిడ్‌వైఫ్‌లే చూసుకున్న తల్లుల్లో సహజ ప్రసవాలు ఎక్కువగా, సిజేరియన్లు, పరికరాలతో బిడ్డను లాగే కాన్పులు, కోతలు తక్కువగా ఉన్నాయని తేల్చింది.

బిడ్డ బయటపడ్డాక కూడా ఓపిక పని అయిపోదు. పూర్వం పలుచోట్ల మంత్రసానులు మాయ పడేదాకా బొడ్డు కోసేవారు కారు. అది చాదస్తమని ఆసుపత్రులు చాలాకాలం కొట్టిపారేశాయి. ఇప్పుడు కనీసం ఒక నిమిషం నుంచి మూడు నిమిషాలు ఆగి కోయాలన్నది వైద్యశాస్త్రమే చెబుతున్న మాట, ఎందుకంటే ఆ కాసేపట్లో మాయలోని నెత్తురు బిడ్డకు చేరి, తర్వాతి నెలలకు కావలసిన ఇనుమును నిల్వ చేసిపెడుతుంది. అయితే తల్లికి వెంటనే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇచ్చి రక్తస్రావం అరికట్టడం మంత్రసానికి తెలియనిది, మిడ్‌వైఫ్‌కు తెలిసినది. రెంటినీ కలిపితేనే మంచి కాన్పు.

ఎవరికి ఈ దారి పనికిరాదో కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. రక్తపోటు పెరిగి కాళ్లు, ముఖం వాచి, తలపోటు వచ్చి, కళ్లు మసకబారి చివరికి ఫిట్స్‌గా మారే గుర్రపువాతం, బిడ్డ అడ్డంగా ఉండటం, మాయ కిందికి ఉండటం, అదుపులో లేని మధుమేహం, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు మొదటినుంచీ వైద్యురాలి పర్యవేక్షణలోనే ఉండాలి. ఇలాంటివారిని గుర్తించి సమయానికి వైద్యురాలికి అప్పగించడం మిడ్‌వైఫ్ చదువులో సగం. ఇక ముహూర్తం చూసి, తిథి నక్షత్రం కుదిరిన గంటకు కడుపు కోయించుకునే ఆచారం ఏ వైద్యగ్రంథంలోనూ లేదు, ఏ పాత పంచాంగంలోనూ లేదు. అది ఈ కాలపు సొంత సృష్టి.

పైన చెప్పిన జబ్బుల్లో చివరిదైన రక్తహీనత పురిటిగదిలో పుట్టేది కాదు, వంటింట్లో పుట్టేది. రక్తంలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కన్నా తగ్గితే గర్భిణికి రక్తహీనత ఉన్నట్టు. ముందు చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో 53.7 శాతం మంది ఆ గీత కిందే ఉన్నారు. నెత్తురు తక్కువున్న తల్లికి కాన్పులో పోయే మామూలు నెత్తురు కూడా ప్రమాదమే కాబట్టి సహజ ప్రసవం గురించి మాట్లాడేవారు ముందు ఆమె కంచం సంగతి మాట్లాడాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అన్నపూర్ణ అయింది, కానీ ఇక్కడి అన్నం అంతకుముందునుంచే ఒక రోగానికీ ఆశ్రయమిచ్చింది. బెరిబెరి వ్యాధికి ఉత్తర సర్కారుల తీరం ఎంత పేరుమోసిందంటే, మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కమ్‌సన్ 1835లోనే దానిపై ఒక గ్రంథం రాశాడు. తర్వాత మిల్లులు వచ్చి బియ్యం పైపొరను నున్నగా తీసేశాక, ఆ పొరలో ఉండే థయమిన్ అనే బి1 విటమిన్ తవుడుతోపాటు పశువుల పాలైంది. ఆ విటమిన్ కొరవడిన బాలింతల పాలు తాగిన పసిబిడ్డలు రెండు మూడు నెలల వయసులో హఠాత్తుగా గుండె ఆగి పోయేవారు. కూనూరు పోషకాహార పరిశోధనశాలలో అక్రాయిడ్ బృందం ఈ ప్రాంతపు శిశుమరణాలను పరిశీలించి చూపిన కారణమిదే. వడ్లను నానబెట్టి ఉడికించి ఆరబోసి ఆడించే ఉప్పుడు బియ్యంలో ఆ విటమిన్ గింజలోపలికి ఇంకి నిలిచిపోతుంది. విచిత్రమేమంటే గోదావరి రైతులు పండించే బొండాలు ఉప్పుడు బియ్యమై కేరళకు లారీల్లో వెళ్తాయి, తెల్లగా పాలిష్ పట్టినవి ఇక్కడి కంచాల్లోకి వస్తాయి. గంజి వార్చి పారబోయకుండా కొలత నీళ్లతో అత్తెసరు పెట్టడం, దొరికితే దంపుడు బియ్యం వాడటం, పాత ఇళ్లలో తరవాణి కుండలో పులిసిన చద్దన్నాన్ని చిన్నచూపు చూడకపోవడం ఈ నష్టాన్ని కొంత పూడ్చే పనులు.

గర్భిణులకిచ్చే ఇనుము మాత్రలో ఉండే రెండో పదార్థం ఫోలిక్ ఆమ్లం. దాని కథ డెల్టావాసులకు ఇంకా దగ్గరిది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతపై 1928 నుంచి పరిశోధించిన లూసీ విల్స్, ఈస్ట్ సారంతో వారు కోలుకోవడం గమనించారు. ఆ సారంలో దాగిన పదార్థాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భం దాల్చిన నాలుగు వారాల్లోనే బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకుంటుంది గనుక, అది సరిగా మూసుకోవడానికి కావలసిన ఈ విటమిన్‌ను నెల తప్పకముందే, పిల్లలు కావాలనుకున్న నాటినుంచే మొదలుపెట్టాలి. నాలుగో నెల నుంచి రోజూ ఒకటి చొప్పున, కాన్పుకు ముందు 180 రోజులు, తర్వాత 180 రోజులు వేసుకోవాల్సిన ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. విరేచనం నల్లబడిందనో వికారం పుట్టిందనో చాలామంది అటక మీద పెట్టేస్తారు. రాత్రి భోజనం చేసిన కాసేపటికి వేసుకుంటే వికారం తగ్గుతుంది. మాత్రకు ముందూ వెనుకా గంటసేపు టీ, కాఫీ తాగకుండా ఉంటే, పప్పులోనో కూరలోనో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది.

ఇద్దరి కోసం తినాలన్న మాటా, ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుందన్న మాటా ఒకే పెరట్లో వినిపిస్తాయి. రెండూ తప్పే. నాలుగో నెల నుంచి అదనంగా కావలసింది రోజుకు 350 కిలోకేలరీలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. సుమారుగా ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, గుప్పెడు వేరుశనగపలుకులు. దీనికి డెల్టాలో కొరత లేదు. మునగాకు, తోటకూర పెరట్లోనివి, ముల్లుతో సహా నమిలి తినే మెత్తళ్లు సంతలో దొరికేవి, చోళ్ల జావ పాతదే. రక్తపోటు ఉన్నవారు మాత్రం ఎండుచేపలకూ ఊరగాయలకూ దూరంగా ఉండాలి. కంచం నిండా తెల్లన్నమే తినే అలవాటు మధుమేహానికి దోహదం చేస్తుంది కాబట్టి, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చేసే రక్తపరీక్ష ప్రతి గర్భిణికీ అవసరం. బొప్పాయి భయంలో సగం నిజముంది: పచ్చికాయ పాలకు గర్భసంచిని సంకోచింపజేసే గుణం ఉంది, బాగా పండినదానివల్ల హాని ఎలుకలపై జరిగిన పరిశోధనలో కనిపించలేదు. కాన్పయ్యాక శొంఠి, పిప్పళ్లు, బెల్లం కలిపిన కాయం పెట్టడంలో తప్పులేదు, పాలసొర పిట్టు పెడితే ఇంకా మంచిదే. నీళ్లు, కూరలు మాన్పించే పత్యం మాత్రం పాలిచ్చే తల్లికి శిక్ష.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు వైద్యులు ఉచితంగా పరీక్షలు చేస్తారు. వెళ్లేటప్పుడు తల్లీబిడ్డ కార్డు వెంట తీసుకెళ్లి, హిమోగ్లోబిన్ గడిలో రాసిన అంకె ఎంతో ఇంటివారు స్వయంగా చదవాలి. అది 11కు పైనుంటే, కాన్పుగదిలోకి తోడుమనిషిని రానిస్తారా, నొప్పుల్లో లేచి నడవనిస్తారా అన్న రెండు ప్రశ్నలు ఏడో నెలలోనే అడిగి పెట్టుకోవాలి.