పేరు లేని పాత సైకిల్ ఫ్రేము ఎవరిది? గుర్తు పట్టడం ఎలా?

గురువారం పొద్దున హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో పాత ఇనుప సామాను మధ్య ఒక సైకిల్ ఫ్రేము ఆనించి ఉంటుంది. నల్ల రంగు కొత్తగా కొట్టారు. ముందు బిళ్ళ లేదు, స్టిక్కర్ లేదు, ఎక్కడా పేరు లేదు. "అసలు ర్యాలీ సాబ్, విలాయతీ మాల్" అంటాడు అమ్మేవాడు. బేరం కుదుర్చుకుని ఇంటికి తెస్తే దాదా ఒక్కసారి చూసి, "ఇది ర్యాలీ అని ఎవరు చెప్పార్రా?" అంటారు. అప్పటికే డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది.

రంగు, సీటు, మడ్గార్డు, బెల్లు, హ్యాండిల్... వీటిలో ఏదీ ఫ్రేముకు సాక్ష్యం కాదు. స్పానర్‌తో విప్పి మార్చగలిగే ప్రతి భాగం తన సంగతి మాత్రమే చెబుతుంది. వెనక చక్రం హబ్బు మీద స్టర్మీ ఆర్చర్ అనే పేరు, పక్కన 56 అనే అంకె కనిపిస్తే ఆ హబ్బు 1956లో తయారైందని అర్థం. ఫ్రేము కూడా అప్పటిదేనని కాదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి.

మొదట చూడాల్సింది హ్యాండిల్ కింద ఉండే పొట్టి గొట్టం. కంపెనీ బిళ్ళను, అంటే మెకానిక్‌లు మోనోగ్రామ్ అనేదాన్ని, బిగించేది అక్కడే. బిళ్ళ పోయినా దాని రివెట్ల రంధ్రాలు మిగులుతాయి. రంగు కింద పుట్టీ పెట్టి పూడ్చినా వేలితో తడిమితే గుంట తెలుస్తుంది. రంధ్రాలు పైనా కిందా ఉన్నాయా, పక్కపక్కన ఉన్నాయా, మధ్య దూరం ఎంత అన్నది కొలిచి, తెలిసిన పాత సైకిల్ బిళ్ళతో పోల్చి చూడాలి. బిళ్ళ ఉండే చోట, కింది గొట్టం మీద గుడ్డకు కొంచెం కిరోసిన్ అద్ది తుడిచి, టార్చిలైటు పక్క నుంచి ఏటవాలుగా వేస్తే పాత అక్షరాల అంచులు కొన్నిసార్లు పైకి తేలతాయి. గరుకు కాగితంతో గబగబా రుద్దేస్తే మాత్రం ఉన్న ఆ కాస్త ఆధారమూ పోతుంది.

తర్వాత చైన్ వీల్. పాత ఇంగ్లీషు కంపెనీలు తమ గుర్తును ఆ పళ్ళ చక్రంలోనే కోసి పెట్టేవి. ర్యాలీకి కొంగ తలలు. రడ్జ్‌కు చెయ్యి గుర్తు. హంబర్‌కు మనుషుల బొమ్మలు. బీఎస్ఏకు ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలే. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, మొదట తుపాకుల కంపెనీ. అందుకే దాని బిళ్ళ మీద మూడు తుపాకులు నిలబెట్టి ఉంటాయి. కానీ చైన్ వీల్ కూడా ఊడేదే కదా! కాబట్టి ముందు ఫోర్కును కూడా కలిపి చూడాలి. హంబర్ ఫోర్కుకు ఒక్కో పక్క రెండేసి సన్న గొట్టాలు ఉండే రకం పేరుపడ్డది, దూరం నుంచే తెలిసిపోతుంది. మనుషుల బొమ్మల చక్రం, జంట గొట్టాల ఫోర్కు, సరిపోయే బిళ్ళ రంధ్రాలు, మూడూ ఒకే మాట చెబితే అది హంబర్ అనుకోవచ్చు. ఒకటి చెప్పి రెండు చెప్పకపోతే అది అతుకుల బొంత.

ఫ్రేములోనే ఉండి అబద్ధం చెప్పలేనిది ఇంకొకటి ఉంది. పెడల్ ఇరుసు దూరే అడ్డ గొట్టం లోపలి మరలు. ఇంగ్లీషు సైకిళ్ళలో మామూలుగా అంగుళానికి 24 మరలు ఉంటాయి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ర్యాలీ తన రోడ్‌స్టర్‌లకు 26 మరలు కోసేది. బీబీ కప్పు విప్పించి లేత్ షాపులో మరల గేజీ పెట్టిస్తే రెండు నిమిషాల పని. 24 వస్తే "అసలు విలాయతీ ర్యాలీ" అనే మాటను నమ్మడం కష్టం. 26 వస్తే ఆ మాటకు బలం వస్తుందే తప్ప రుజువు కాదు. ఇందులో ఖర్చు సంగతి కూడా ఉంది. 26 మరల గొట్టంలో 24 మరల కప్పును బలవంతంగా తిప్పితే లోపలి మరలు చెడిపోతాయి, మంచి ఫ్రేము పాడవుతుంది.

పేరు తేలినా ఫ్యాక్టరీ తేలినట్టు కాదు. మన దేశంలో ఇక్కడే చాలామంది తికమక పడతారు. ర్యాలీ పేరుతో 1950ల నుంచి పశ్చిమ బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సెన్ ర్యాలీ కంపెనీ సైకిళ్ళు చేసింది. హెర్క్యులస్ బర్మింగ్‌హామ్‌లో పుట్టినా, 1949లో మొదలైన టీఐ సైకిల్స్ దాన్ని మద్రాసులో తయారు చేసింది. కాబట్టి బిళ్ళ నిజమైనదే అయినా సైకిల్ ఓడెక్కి వచ్చిందని చెప్పలేం. ఆ తర్వాత సోనీపత్ అట్లాస్, లూధియానా హీరో, ఎవన్ వచ్చాయి. లూధియానాలో చిన్న యూనిట్లు ఎన్నో పేరు లేని ఫ్రేములు చేసి అమ్మాయి. కొన్నవాళ్ళు తమకు నచ్చిన స్టిక్కర్ వేసుకున్నారు. అలాంటి ఫ్రేముకు వెతికితే దొరికే పేరు ఉండకపోవచ్చు. అది తప్పుడు సరుకు కానక్కర్లేదు, విలాయతీ ధర మాత్రం ఇవ్వకూడదు.

గేర్ల సైకిళ్ళ ఫ్రేముల దగ్గర ఈ గుర్తులు పెద్దగా పనికిరావు. గొట్టాలు కలిసే చోట తొడుగులు లేకుండా నేరుగా వెల్డింగ్ చేసి ఉంటాయి, ఒకే ఫ్యాక్టరీ పది కంపెనీలకు చేసి ఇస్తుంది. అయస్కాంతం అంటుకోకపోతే అల్యూమినియం అని తెలుస్తుంది, అంతే.

ఇక నంబరు. ఎక్కువ ఫ్రేములకు అది పెడల్ ఇరుసు గొట్టం అడుగున ఉంటుంది. కొన్నింటికి సీటు కింద, వెనక చక్రం బిగించే చోట కూడా ఉంటుంది. సన్నని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే రంగు కింది అంకెలు కూడా పడతాయి. బండికి ఉన్నట్టు సైకిల్‌కు ఆర్సీ లేదు కాబట్టి ఆ అంకెలతో యజమాని పేరు దొరకదు. ఒకప్పుడు చాలా మున్సిపాలిటీలు సైకిల్ పన్ను కట్టించుకుని లోహపు బిళ్ళ ఇచ్చేవి. అది ఇంకా ఉంటే సైకిల్ తిరిగిన ఊరు తెలుస్తుంది, చేసిన కంపెనీ కాదు.

నంబరు ఉండాల్సిన చోట ఆకురాయితో అరగదీసిన గీతలు కనిపిస్తే ఎంత చవకైనా ఆ ఫ్రేమును వదిలేయాలి. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అలా అనుమానించడానికి తగిన కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. ఇంటర్ చదివే పిల్లవాడు జేబు డబ్బుతో కొన్నా, ప్రశ్న ఇంటికే వస్తుంది. నంబరు బాగానే ఉంటే దాని ఫోటో తీసుకుని, ఆ నంబరు, తేదీ, ధర, అమ్మిన వ్యక్తి పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ మీద సంతకం చేయించుకోవాలి. ఆ చీటీని పిల్లవాడి దగ్గర కాకుండా అమ్మీ దగ్గర, రేషన్ కార్డు పెట్టే చోట ఉంచడం మేలు.