బూటు కరిస్తే

తెలుగువాడి చెప్పు కరుస్తుంది. కుక్కకూ పాముకూ వాడే క్రియనే మనవాళ్లు చెప్పుకూ ఇచ్చారంటే ఆ బాధ ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఆ కరిచేది ముందు ఇనుప టోపీ వున్న బూటయితే ఇక చెప్పాలా?

మా ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులకు కొదవ లేదు. బిగించి కట్టిన పత్తి బేలు ఒక్కొక్కటి 170 కిలోలు. భద్రతా బూటు టోపీ 200 జౌళ్ల దెబ్బకు ఓర్చాలని భారత ప్రమాణం ఐ.ఎస్. 15298 చెబుతుంది. (ఆదోనివారు జౌళి అనుకునేరు, ఇది శక్తికి కొలత.) అంటే 20 కిలోల దిమ్మె మీటరు ఎత్తునుంచి పడినంత. బేలయితే 12 సెంటీమీటర్ల ఎత్తుకే ఆ హద్దు వచ్చేస్తుంది. కనుక బూటు తొడిగామన్న ధైర్యంతో బేళ్ల దొంతి కింద నిలబడరాదు.

అందరికీ ఒకే బూటు పనికిరాదు. నూనె మిల్లులో జారని అడుగు ముఖ్యం. రాత్రివేళ మడికి నీళ్లు కట్టే రైతుకు పిక్కలదాకా వచ్చే రబ్బరు బూటు కావాలి. పాము కాటు ఎక్కువగా పడేది పాదం మీదనే కదా! ఎమ్మిగనూరు గుంటమగ్గంలో కూర్చున్న నేతగాడికి మాత్రం ఏ బూటూ వద్దు. తొక్కుడు చెక్కల నాడి అరికాలికే తెలియాలి.

బూటును సాయంత్రం పూట కొనండి. పగలంతా నిలబడిన పాదం కొంచెం ఉబ్బివుంటుంది. పనిలో వేసుకునే మేజోళ్లతోనే తొడిగి, నాలుగు మెట్లు దిగి చూడండి. వేళ్లు టోపీకి తగిలితే ఆ జత వద్దు. తోలు వాడగా వాడగా సాగుతుంది గాని, టోపీ జన్మలో సాగదు. మడమ లోపల లేచి పడుతున్నా వద్దు. బరువు భరించలేనివారికి ఇనుముకు బదులు కాంపోజిట్ టోపీ వున్నవి దొరుకుతాయి.

నా విద్యార్థి ఒకడి తల్లి ఒక మిల్లులో పని చేస్తుంది. అక్కడ ఇచ్చిన బూట్లు ఇంట్లో మూల పడేసి రబ్బరు చెప్పులతోనే పోతున్నది. ఎందుకమ్మా అంటే, "అవి మగోళ్ల కొలత సార్. కాలు ఒగ తావున, బూటు ఒగ తావున ఉంటాది" అన్నది. గుడ్డపీలికలు కుక్కి కొన్నాళ్లు నడిచిందట. మడమ పుండు పడ్డాక మానేసింది. ఇందులో ఆమె తప్పేముంది? ఆడవాళ్ల కొలతల్లో భద్రతా బూట్లు తయారవుతూనే వున్నాయి. తెప్పించేవారు పాదాలు కొలవలేదు, అంతే. కొడుకుచేత కాగితం మీద ఆమె పాదం గీయించి, పొడవూ వెడల్పూ వేయించి, అర్జీకి జతచేయించాను. ఆ కాగితం చూసి మరి ఏడుగురు ఆడవాళ్లు తమ పాదాలూ గీయమని వాడి చుట్టూ చేరారట.